ఇంట్లో బ్రిటిష్ ఫిష్ పై: చేప చెదరకుండా, సాస్ నీరుకారకుండా

పై అంటే మామూలుగా మైదా పొరలో పొదిగి ఓవెన్‌లో కాల్చే వంట, కానీ బ్రిటన్ ఇళ్లలో ఎక్కువగా చేసుకునే ఫిష్ పైలో ఆ పొర ఉండదు. అడుగున పాలలో మగ్గించిన చేప, రొయ్యలు, ఉడికిన కోడిగుడ్డు ఉంటాయి. వాటిని పట్టి ఉంచేది చిక్కటి తెల్ల సాస్. మీద వెన్న వేసి మెదిపిన బంగాళాదుంప. ఓవెన్‌లో అరగంట గడిస్తే దుంప బంగారు రంగుకు తిరుగుతుంది, అంచుల వెంట సాస్ బుడగలు కడుతూ పొంగుతుంది. కారం లేదు, చింతపండు లేదు. చేపల పులుసుకు అలవాటుపడిన వారికి మొదటి ముద్ద చప్పగా అనిపించవచ్చు. రెండు మూడు ముద్దలకు చేప అసలు రుచి తెలుస్తుంది, ఆ తర్వాత కారం గుర్తుకు రాదు. మసాలా తోడు లేని వంట కాబట్టి నీచు వాసన మొదలైన చేపతో దీన్ని చేయకండి.

ఫిష్ పై చెడిందంటే కారణం దాదాపు ప్రతిసారీ నీరే. చేప నీరు వదులుతుంది, రొయ్యలు వదులుతాయి, దుంప ఉడికేటప్పుడు నీరు పీల్చుకుంటుంది, ఫ్రిజ్‌లో గడ్డకట్టిన బఠాణీ కరిగి నీరవుతుంది. ఇవన్నీ ఒకే పాత్రలో చేరితే సాస్ పలచబడి, దుంప అందులోకి దిగబడి, వడ్డించేసరికి జావ మిగులుతుంది. కింద చెప్పే పనుల్లో సగం ఆ నీటిని ఎక్కడికక్కడ ఆపడానికే. కొన్ని చాదస్తంగా కనిపించినా వదిలేయకండి.

ఈ వంట మూలాలు ఉపవాసాల్లో ఉన్నాయి. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ దీక్షా కాలంలోనూ, శుక్రవారాల్లోనూ మాంసం ముట్టేవారు కాదు, చేప తినవచ్చు. 1563లో మొదటి ఎలిజబెత్ రాణి మంత్రి విలియం సెసిల్ బుధవారాన్ని కూడా చేపల రోజుగా మారుస్తూ చట్టం చేయించాడు. అందులో భక్తి కంటే జాలరి వృత్తిని నిలబెట్టి, నౌకాదళానికి నావికులు కరువు కాకుండా చూసుకోవాలన్న ఆలోచనే ఎక్కువ. ఆ రోజుల్లో పై అంటే గట్టి పిండి గోడల మధ్య వండినదే. దుంప చాలా తర్వాత వచ్చి చేరింది. పాత పద్ధతి పూర్తిగా పోలేదు. కార్న్‌వాల్‌లోని మౌజల్ గ్రామంలో డిసెంబర్ 23న తినే స్టార్‌గేజీ పై అనే వంటకు ఇప్పటికీ పిండి మూతే ఉంటుంది. ఆ మూతలోంచి చేపల తలలు ఆకాశం వైపు చూస్తూ పైకి వచ్చి ఉంటాయి. ఇప్పుడు మనం చేసేది దుంప రకం.

చేపను పాలలో ఉడికించడమా అని ఆగిపోయేవారు మన ఇళ్లలో తప్పకుండా ఉంటారు. చేప తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్నది పెద్దల మాట. చరక సంహిత కూడా చేపనూ పాలనూ విరుద్ధాహారంగానే లెక్కించింది. బొల్లికీ ఈ కలయికకూ సంబంధం ఉందని ఆధునిక వైద్యం చెప్పదు. స్కాట్లండ్ ఈశాన్య తీరంలోని కలెన్ పట్టణం పేరుతో ఉన్న కలెన్ స్కింక్ అనే సూప్‌లోనూ పొగబెట్టిన చేప, దుంప, పాలే ఉంటాయి. అక్కడివారు దాన్ని తరతరాలుగా తింటున్నారు. అయినా నమ్మకం ఉన్నవారిని బలవంతం చేయకండి, వారికి వేరే వేపుడు చేసి పెట్టండి. చేప, రొయ్య, పాలు, గుడ్డు, గోధుమ వీటిలో దేనికైనా అలర్జీ ఉన్నవారు మాత్రం దీనికి దూరంగా ఉండాల్సిందే.

ఏ చేప తీసుకోవాలి

ఒకే రకం చేపతో కూడా పై అవుతుంది, కానీ రుచి ఒక్క మెట్టు దగ్గరే ఆగిపోతుంది. రెండు రకాలైనా ఉండాలి. ఒకటి తెల్ల కండ ఉన్న మెత్తటి చేప, రెండోది పొగబెట్టిన చేప. వీటికి కొన్ని రొయ్యలు, కావాలంటే కొంచెం సాల్మన్.

మీరు బ్రిటన్‌లో ఉంటే తెల్ల చేపకు కాడ్ లేదా హాడక్ తీసుకోండి. పొగచేప అంటే పొగబెట్టిన హాడక్. దుకాణంలో ఇది రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఒకటి కళ్లు చెదిరే పసుపు, మరొకటి లేత గోధుమ వన్నె. పసుపు రంగు అద్దకం వల్ల వచ్చింది, పొగ వల్ల కాదు. లేత రంగుదే కొనండి. ఉత్తర సముద్ర తీరంలోని గ్రిమ్స్‌బీలో సంప్రదాయ పద్ధతిలో పొగబెట్టే చేపకు 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది, అది దొరికితే మరీ మంచిది. ఆర్బ్రోత్ స్మోకీ అని మరో రకం ఉంటుంది. దాన్ని వేడి పొగలోనే పూర్తిగా ఉడికించేస్తారు కనుక మళ్లీ పాలలో వేయకూడదు, ముళ్లు తీసి నేరుగా పాత్రలో పరచాలి. ఫిష్ పై మిక్స్ పేరుతో సూపర్‌మార్కెట్లలో అమ్మే ముక్కలు తక్కువ ధరకు వస్తాయి. అయితే వాటిని చిన్నగా కోస్తారు, కాబట్టి త్వరగా పొడైపోతాయి. వీలైతే పెద్ద ఫిల్లెట్లే, అంటే నడి ముల్లు తీసిన వెడల్పు ముక్కలే కొనండి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవారికి నా మొదటి సలహా పండుగప్ప. కండ తెల్లగా, పొరలు పొరలుగా విడిపోతుంది, ముళ్లు తక్కువ. కొరమీను కూడా బాగుంటుంది, కాకపోతే కాస్త గట్టిగా ఉంటుంది. వంజరం రుచికి లోటు లేదు, ఎక్కువ ఉడికితే మాత్రం పొడిబారుతుంది. బొచ్చె, శీలావతి వద్దు. వాటి కండలో దాగే సన్నని చీలిక ముళ్లను పూర్తిగా ఏరడం ఎవరి తరమూ కాదు, తెల్ల సాస్‌లో అవి కంటికి కనిపించవు కూడా. అదే కారణంగా పులసనూ దీనికి వాడకండి, దాని చోటు పులుసులోనే. చేపల దుకాణంలో నడి ముల్లు తీసి, తోలు ఉంచి, వెడల్పు ముక్కలుగా ఇమ్మని అడగండి. తోలు ఉంటే పాలలో ఉడికేటప్పుడు ముక్క చెదరదు.

మన దగ్గర పొగబెట్టిన హాడక్ సులువుగా దొరకదు. దాని బదులు ఎండు చేప వేయాలనే ఆలోచన రావచ్చు. అది వేస్తే ఉప్పూ వాసనా మిగతా అన్నింటినీ మింగేస్తాయి. బిర్యానీకి బొగ్గు పొగ పట్టించే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, దాన్నే ఇక్కడ వాడుకోండి. ఉడికించిన చేప ముక్కల్లో సగం వెడల్పు గిన్నెలో పరిచి, మధ్యలో చిన్న స్టీలు కప్పు పెట్టి, అందులో ఎర్రగా కాలిన బొగ్గు వేసి, దాని మీద అర చెంచా వెన్న వదలండి. పొగ లేవగానే మూత పెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచండి. కిటికీ తెరిచే చేయండి. హాడక్ రుచి రాదు, కానీ పొగ రుచి వస్తుంది, ఈ వంటకు కావలసింది అదే.

నలుగురైదుగురికి కావలసినవి

తెల్ల చేప 400 గ్రాములు
పొగబెట్టిన చేప 250 గ్రాములు (లేకపోతే తెల్ల చేపే ఇంకాస్త)
ఒలిచి నల్ల నరం తీసిన పచ్చి రొయ్యలు 150 గ్రాములు
చిక్కటి పాలు 600 మిల్లీలీటర్లు, దుంపల కోసం మరో 75
మైదా 50 గ్రాములు
వెన్న సాస్‌కు 50 గ్రాములు, దుంపలకు 60 గ్రాములు
బంగాళాదుంపలు కిలో
కోడిగుడ్లు 3
పచ్చి బఠాణీలు ఒక గుప్పెడు
చెడ్డార్ చీజ్ తురుము 60 గ్రాములు
చిన్న ఉల్లిపాయ 1, లవంగాలు 2, మిరియాలు 8, బే ఆకు 1
పార్స్‌లీ లేదా సోయకూర సన్నగా తరిగినది గుప్పెడు
ఆవపిండి అర చెంచా, జాజికాయ పొడి చిటికెడు, నిమ్మకాయ సగం, ఉప్పు, మిరియాల పొడి

బే ఆకు, మనం వాడే బిర్యానీ ఆకు వేరువేరు. బిర్యానీ ఆకులో దాల్చినచెక్క వాసన ఉంటుంది, పాలకు అది నప్పదు. బే ఆకు లేకపోతే ఏమీ వేయకండి. పాత్ర దాదాపు రెండు లీటర్లు పట్టేది, ఓవెన్ వేడిని తట్టుకునేది కావాలి.

ముందు దుంపలు

ఉడికితే పిండిలా విడిపోయే దుంపలు కావాలి. బ్రిటన్‌లో మారిస్ పైపర్ గానీ, ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం జరిగిన 1902 నుంచి సాగులో ఉన్న కింగ్ ఎడ్వర్డ్ గానీ అడిగి తీసుకుంటారు. మన బజారులో రకం పేరు చెప్పి అమ్మడం అరుదు. గోరుతో గీస్తే పొట్టు ఊడివచ్చే కొత్త దుంపల్లో నీరు ఎక్కువ, అవి వద్దు. మందపాటి పొట్టున్న పాత దుంపలు ఏరుకోండి. చిప్స్ కోసం పండించే కుఫ్రి చిప్సోనా కనిపిస్తే ఆలోచించకుండా తీసుకోండి.

పొట్టు తీసి, సమానంగా పెద్ద ముక్కలు కోసి, చల్లని ఉప్పునీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. మరుగుతున్న నీళ్లలో వేస్తే పైన విరిగిపోతాయి, లోపల పచ్చిగా మిగులుతాయి. కుక్కర్ వద్దు. పదిహేను ఇరవై నిమిషాల్లో చాకు తేలిగ్గా దిగుతుంది. నీళ్లు పూర్తిగా వంచేసి, ఖాళీ గిన్నెను ముక్కలతో సహా తిరిగి సన్నని మంట మీద రెండు నిమిషాలు ఉంచి కదుపుతూ ఉండండి. ఆవిరి లేచి, ముక్కల అంచులు తెల్లగా పొడిబారాలి. నీటిని ఆపే మొదటి పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే.

వేడి మీదే మెదపండి. మిక్సీలో అసలు వేయకండి, దుంపలోని పిండిపదార్థం చిట్లి జిగురవుతుంది. మెత్తగా అయ్యాక ముందు వెన్న, తర్వాత వేడి పాలు కొద్దికొద్దిగా కలపండి. పక్కన తినే మాష్ కంటే ఇది గట్టిగా ఉండాలి, గరిటెతో తీసి తిప్పితే జారిపడకూడదు. ఉప్పు చూసి మూత పెట్టండి.

దుంపలు ఉడికేలోపు గుడ్లను మరుగుతున్న నీళ్లలో ఎనిమిది నిమిషాలు ఉంచి, చన్నీళ్లలో వేసి, ఒలిచి నాలుగేసి ముక్కలు చేయండి. ఫిష్ పైలో గుడ్డు ఉండాలా వద్దా అన్నది బ్రిటన్‌లో తెగని వాదన. నేను గుడ్డు ఉండాలనే పక్షం. మెత్తటి చేప మధ్య పచ్చసొన తగిలినప్పుడు నోటికి ఒక మార్పు దొరుకుతుంది. మీకు ఇష్టం లేకపోతే మానేయండి, వంటకు లోటేమీ రాదు.

చేపను పాలలో మగ్గించడం

వెడల్పాటి, లోతు తక్కువ ఉన్న మూకుడు తీసుకోండి. ఉల్లిపాయను సగానికి కోసి, అందులో లవంగాలు గుచ్చి వేయండి. పాలు, మిరియాలు, బే ఆకు వేసి, అంచున చిన్న బుడగలు రాగానే మంట పూర్తిగా తగ్గించండి. తోలు కిందికి ఉండేలా ముక్కలు పరవండి. పొగచేప ఉంటే దాన్ని ముందు వేసి, రెండు నిమిషాల తర్వాత తెల్ల చేప వేయండి. పాలు పొంగకూడదు, మరగకూడదు, వణుకుతూ ఉంటే చాలు.

నాలుగైదు నిమిషాల తర్వాత ఒక ముక్కను చాకు మొనతో విడదీసి చూడండి. అంచులు తెల్లబడి, నడిమధ్య ఇంకా కొంచెం గాజులా మెరుస్తుంటే దించేయండి. ఇంకా ఉడకలేదే అన్న అనుమానం వస్తుంది. రాకపోతే చేప ఎక్కువ ఉడికిందన్నమాట. ఇది ఇంకా వేడి సాస్‌లో కొంత, ఓవెన్‌లో చాలాసేపు ఉడకాల్సి ఉంది. ఇక్కడే పూర్తిగా ఉడికిస్తే వడ్డించేసరికి పీచు పీచుగా ఎండిపోతుంది, దానిలోని నీరంతా సాస్‌లోకి చేరుతుంది.

ముక్కలను జాగ్రత్తగా పళ్లెంలోకి తీసి, పాలు వడగట్టి ఉంచుకోండి. చేతికి ఆగేంత చల్లారాక తోలు లాగేసి, ప్రతి ముక్కనూ వేళ్లతో తడిమి చూడండి. కంటికి కనిపించని ముల్లు వేలికి తగులుతుంది. పిల్లలు తినే ఇంట్లో ఈ పనికి తొందర పడకూడదు. తర్వాత పెద్ద పెద్ద పొరలుగా విడదీయండి, బొటనవేలంత ఉన్నా ఫరవాలేదు. కలిపేటప్పుడు ఎలాగూ చిన్నవవుతాయి. పళ్లెంలో ఊరిన నీటిని వడగట్టిన పాలలో పోసేయండి, రుచి అందులోనే ఉంది. బొగ్గు పొగ పట్టించేవారు ఇప్పుడే ఆ పని చేయాలి.

సాస్

అడుగు మందంగా ఉన్న గిన్నెలో వెన్న కరిగించి మైదా వేయండి. సన్నని మంట మీద రెండు నిమిషాలు కలుపుతూ వేయిస్తే పచ్చి వాసన పోతుంది. రంగు మారకూడదు. వడగట్టిన పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే ఒక్కో గరిటెడు పోస్తూ, ప్రతిసారీ ఉండలు లేకుండా కలిసిపోయాకే తర్వాతి గరిటె పోయండి. మొదటి మూడు నాలుగు గరిటెల దగ్గరే ఓపిక కావాలి, తర్వాత ధారగా పోయవచ్చు. ఉండలు కట్టినా భయపడకండి, జాలిలో వడగడితే సరిపోతుంది.

అన్ని పాలూ పోశాక సన్నని మంట మీద ఆరేడు నిమిషాలు ఉడకనివ్వండి. గరిటెతో అడుగున గీస్తే గిన్నె అడుగు ఒక్క క్షణం కనిపించి మూసుకోవాలి. సూప్ కంటే చాలా చిక్కగా, పోయడానికి మరీ గట్టిగా ఉందే అనిపించేలా ఉండాలి. చేప, రొయ్యలు తర్వాత వదిలే నీటితో అదే సరైన పాకానికి వస్తుంది. దించాక ఆవపిండి, జాజికాయ, మిరియాల పొడి, తరిగిన ఆకు వేసి, చివర నిమ్మరసం పిండండి. పొగచేపలో ఉప్పు ఉంటుంది కనుక రుచి చూడకుండా ఉప్పు వేయవద్దు.

ఇక్కడ గరం మసాలా, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేయాలని చేయి ఊరుకోదు. ఒక్కసారికి ఏమీ వేయకుండా చేసి చూడండి. కారం తప్పనిసరి అయితే పక్కన నిమ్మకాయ ఊరగాయ పెట్టుకుని తినడం, సాస్‌లో కలపడం కంటే ఎంతో మేలు.

పాత్రలో అమర్చడం

రొయ్యలను, బఠాణీలను శుభ్రమైన బట్టతో అద్ది తడి లేకుండా చేయండి. రొయ్యలు పెద్దవైతే రెండు ముక్కలు కోయండి. వీటిని పచ్చిగానే వేయాలి, ఓవెన్‌లో సరిగ్గా ఉడుకుతాయి. ముందే ఉడికించినవి వేస్తే రబ్బరులా సాగుతాయి. పాత్ర అడుగున చేప పొరలు, రొయ్యలు, బఠాణీలు, గుడ్డు ముక్కలు సర్ది, మీద సాస్ పోసి, చెంచాతో అక్కడక్కడ ఎత్తి కిందికి దిగనివ్వండి. గిరగిరా తిప్పితే చేప పొడిపొడి అవుతుంది.

ఇప్పుడు పాత్రను చల్లారనివ్వండి, వేడి తగ్గాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. సాస్ పైన తొరక కట్టి గట్టిపడితే దుంప దానిమీద నిలబడుతుంది. వేడి సాస్ మీద దుంప వేస్తే నేరుగా మునిగిపోతుంది.

దుంపను ముందు అంచుల వెంట చెంచాతో పెట్టి, పాత్ర గోడకు అంటేలా నొక్కండి, తర్వాత మధ్యకు రండి. అంచు మూసుకుంటే సాస్ తక్కువగా పొంగుతుంది. ఫోర్కుతో పైన గీతలు గీయండి. అందం కోసమే కాదు, ఆ గీతల శిఖరాలే ముందు కరకరలాడతాయి. చీజ్ తురుము చల్లండి.

ఓవెన్‌ను 200 డిగ్రీల సెల్సియస్‌కు, ఫ్యాన్ ఉన్నదైతే 180కి ముందే వేడి చేసుకోవాలి. పాత్ర కింద ఒక ట్రే పెట్టండి, సాస్ కారినా ఓవెన్ పాడవదు. ముప్పై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. పైన బంగారు రంగు వచ్చి అంచుల్లో బుడగలు కనిపించాక, సన్నని చాకు నడిమధ్య దింపి అయిదు సెకన్లు ఉంచి తీసి తాకండి. చురుక్కుమంటే లోపల కూడా ఉడికింది, వెచ్చగా ఉంటే ఇంకో అయిదు నిమిషాలు పెట్టండి. థర్మామీటరు ఉంటే మధ్యలో 75 డిగ్రీలు చూపాలి. చిన్న ఓటీజీలో పైకడ్డీ దగ్గరగా ఉంటుంది కనుక కింది అరలో పెట్టి, చివరి అయిదు నిమిషాలకు పైకి మార్చండి. మామూలు మైక్రోవేవ్‌లో రంగు రాదు, కన్వెక్షన్ ఉన్నదైతే పనికొస్తుంది.

తీసిన వెంటనే వడ్డించకండి. పది నిమిషాలు ఆగితే సాస్ మళ్లీ చిక్కబడి, గరిటెతో తీస్తే పొరలు పొరలుగా వస్తుంది. పక్కన ఆవిరిపై ఉడికించిన క్యాబేజీ గానీ వెన్న రాసిన బఠాణీలు గానీ చాలు. దుంప ఉన్నచోట అన్నం అక్కరలేదు.

ముందురోజే చేసి పెట్టుకోవాలంటే దుంప పరిచే వరకు పూర్తిచేసి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు కాల్చండి, సమయం మరో పది నిమిషాలు పెంచండి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలంటే గుడ్డు వేయకండి, గడ్డకట్టి కరిగాక అది రబ్బరులా మారుతుంది. ఒకసారి గడ్డకట్టి కరిగిన పచ్చి రొయ్యలు వాడినప్పుడు ఫిష్ పైని కాల్చకుండా మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టడం క్షేమం కాదు, కాల్చి చల్లారాకే పెట్టాలి. మిగిలినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, రెండు రోజుల్లో తినేయాలి. తిరిగి వేడి చేసేటప్పుడు పాత్రకు రేకు కప్పి, లోపల నుంచి ఆవిరి వచ్చేదాకా ఉంచి, చివర రేకు తీసేస్తే పైపొర మళ్లీ కరకరలాడుతుంది.